ఒక ఫ్లాష్, ఒక సాఫ్ట్‌బాక్స్, నెల్లూరులో అద్దె ఫ్లోర్: చాన్నాళ్లు వాడాక రాస్తున్న సమీక్ష

ముందే తేల్చి చెప్పేస్తా. స్టూడియోలో మోడల్స్‌ని తీయడం కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి 300 వాట్ సెకన్ల (ఒక్క మెరుపుకి వాడే శక్తి కొలత) ఫ్లాష్ ఒకటి, 120 సెంటీమీటర్ల ఆక్టా సాఫ్ట్‌బాక్స్ (వెలుగుని మెత్తగా చేసే ఎనిమిది మూలల గుడ్డ పెట్టె) ఒకటి, కెమెరా నొక్కగానే ఫ్లాష్‌ని పేల్చే ట్రిగ్గర్ ఒకటి, గట్టి స్టాండు, వెనక వేలాడదీసే గ్రే పేపర్ రోల్ ఉంటే చాలు. రెండో లైటు కొనే డబ్బులు పక్కన పెట్టి ఫ్లోర్ (షూటింగ్ హాలు) అద్దెకి, మోడల్‌కి, చీర కట్టే ఆవిడకి ఖర్చు పెట్టండి. నాలుగు లైట్లు లేకపోతే అది స్టూడియోనే కాదని మన దగ్గర ఒక నమ్మకం ఉంది, పెళ్లి స్టేజీలు చూసి చూసి వచ్చిందనుకుంటా. నేనూ పెళ్లిళ్లలో కెమెరా పట్టుకుని తిరిగినవాణ్ణే. చిన్నబజారులో తెలిసినాయన తన చీరల షాపు ఇన్‌స్టా పేజీకి మోడల్‌తో ఫోటోలు కావాలని అడిగాక ఈ సెట్టు కొన్నాను, అప్పట్నుంచీ దీంతోనే పని. బ్రాండ్ పేరు రాయను, కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. ఈ ధరలో ఏది తీసుకున్నా మంచీ చెడూ కాస్త అటూ ఇటుగా ఇవే.

లైటుకి నేను పెట్టే పరీక్ష ఒక్కటే. షూట్ జరుగుతుండగా మోడల్‌ని చూడాల్సిన నా కళ్లు ఎన్నిసార్లు లైటు వైపు తిరిగాయి? ఎంత తక్కువ తిరిగితే అంత మంచి లైటు. మిగతా స్పెసిఫికేషన్లన్నీ దీని తర్వాతే.

ఎందుకంటే కొత్తలో అసలు టెన్షన్ లైటుతో కాదు, ఎదురుగా నిలబడిన మనిషితో. పెళ్లిలో జరిగేది జరిగిపోతుంటుంది, మనం పట్టుకుంటాం, అంతే. ఇక్కడ మనం నోరు తెరిస్తే తప్ప ఏమీ జరగదు. మొదటి షూట్‌కి వచ్చిన అమ్మాయిది కావలి, డిగ్రీ చదువుతోంది, వాళ్లమ్మ కూడా వచ్చి గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. "అన్నా, చేతులు ఎక్కడ పెట్టుకోమంటారు?" అని అడిగింది ఆ అమ్మాయి. ఆ తర్వాత వచ్చిన కొత్త మోడల్స్ కూడా దాదాపు అందరూ అడిగింది ఇదే. నాకు దొరికిన జవాబు, చేతికి ఏదో ఒక పని ఇవ్వడం. ఒక చేత్తో కొంగు అంచు పట్టుకోమంటా, రెండో చేత్తో గాజులు సర్దుకోమంటా, బరువు ఒక కాలి మీద వేసి భుజం కాస్త పక్కకి తిప్పమంటా. ఏదైనా నేను చేసి చూపిస్తానే తప్ప ముట్టుకుని సరిచేయను, కుచ్చిళ్లు జారినా చీర కట్టే ఆవిడే వచ్చి సర్దాలి. నేను నడుం మీద చెయ్యి వేసుకుని వయ్యారంగా నిలబడి చూపిస్తుంటే వాళ్లమ్మ "నీకన్నా మా పిల్లే బాగా నిలబడతాది లే నాయనా" అంది. పిల్ల పకపకా నవ్వింది. షాపాయన ఏరుకున్న ఫోటోల్లో మొదటిది అదే.

ఆ నవ్వు దొరికింది ఫ్లాష్ అప్పటికే ఛార్జ్ అయి ఉంది కాబట్టి. ఇక్కడే 300 ఎందుకు, 150 ఎందుకు వద్దు అన్నది తేలుతుంది. సగం వరకు తీసే ఫోటోలకి ఆక్టా మోడల్‌కి మీటరు పైచిలుకు దూరంలో ఉంటుంది, ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టే తీవ్రత) 100, ఎఫ్/8 (లెన్సు రంధ్రం సైజు) పెడితే నా లైటు పవర్ నాలుగో వంతులోనే సరిపోతుంది. నొక్కిన వెంటనే మళ్లీ రెడీ. అదే పాదాల దాకా కావాలంటే, చీరలవాళ్లకి కింది అంచు కనపడటమే ముఖ్యం కాబట్టి తప్పదు, దగ్గరున్న లైటు ముఖాన్ని వెలిగించి పాదాల్ని చీకట్లో వదిలేస్తుంది. దాన్ని రెండింతలు వెనక్కి జరపాలి. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది, అంటే నాలుగో వంతు మీద నడిచిన లైటు ఇప్పుడు ఫుల్ మీద నడవాలి. ఫుల్ మీద దీనికి రెండు సెకన్లు పడుతుంది. 150 లైటు అయితే అక్కడికే చేతులెత్తేస్తుంది, ఇక ఐఎస్ఓ పెంచుకోవడమే గతి.

ఛార్జ్ అయ్యాక బీప్ మంటుంది. మొదట్లో ఆ సౌండు చికాకుగా ఉండి ఆపేద్దామనుకున్నా, తర్వాత చూస్తే మోడల్స్ దాన్నే తాళంగా పట్టుకున్నారు. ఫ్లాష్ పడగానే కదులుతారు, బీప్ వినపడే లోపు కొత్త పోజులో ఆగుతారు. "ఇప్పుడు, ఇప్పుడు" అని నేను అరవక్కర్లేదు. ఇప్పుడైతే బీప్ ఆఫ్ చేసిన లైటుతో తీయమంటే నాకే తోచదు.

కెమెరా గురించి క్లుప్తంగా. నాది నికాన్ డీ5600, 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు. దీని ఫ్లాష్ సింక్, అంటే ఫ్లాష్‌తో వాడగలిగే అత్యధిక షట్టర్ వేగం, 1/200 సెకను. అంతకన్నా వేగం పెడితే ఫోటోలో ఒక పక్క నల్లటి పట్టీ వస్తుంది, షట్టర్ తెర అప్పటికే మూసుకోవడం మొదలవుతుంది కాబట్టి. చవక ట్రిగ్గర్లు కాస్త ఆలస్యం చేస్తాయి, నేను 1/160 దాటను. ఫ్లోర్‌లోకి వెళ్లగానే ట్రిగ్గర్ ఆఫ్ చేసి ఒక ఫోటో తీయండి. మొత్తం నల్లగా రావాలి. వచ్చిందంటే గదిలో ట్యూబ్‌లైట్లు వెలుగుతున్నా వాటి రంగు ఫోటోలోకి రాదన్నమాట, మీ ఫ్లాష్ వెలుగే లెక్క. క్యానన్ 200డీ మార్క్ 2 ఉన్నవాళ్లు ట్రిగ్గర్ కొనేముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, దాని హాట్ షూలో (కెమెరా పైన ట్రిగ్గర్ తగిలించే చోటు) మధ్య పిన్ ఉండదు. ఒక్క పిన్ మీద పనిచేసే మామూలు ట్రిగ్గర్లు దాని మీద పేలవు, క్యానన్ కోసం చేసినవే, అదీ ఆ మోడల్ పేరు అడిగి మరీ తీసుకోవాలి.

ఇంట్లో హాల్లో చేసుకోవచ్చు కదా అని అడుగుతారు. 50 ఎంఎంతో నిలబడిన మనిషిని తల నుంచి కాలి దాకా పట్టాలంటే నాలుగు మీటర్లకు పైనే వెనక్కి వెళ్లాలి, మోడల్‌కీ పేపర్‌కీ మధ్య రెండు మీటర్లు వదలాలి, మన వెనక మనం పట్టాలి. అన్నీ కలిపితే 23 అడుగుల పొడవు. దానికి తోడు మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాను ఒకటి, ఆక్టా పైకి లేపితే రెక్కలకి తగులుతుంది, ఫ్యాను ఆపితే రోహిణి కార్తెలో మోడల్ ముఖం నిమిషంలో మెరిసిపోతుంది. అందుకే ఫ్లోర్ అద్దె. మినీ బైపాస్ వైపు నేను వెళ్లే చోట గంటల లెక్కన ఇస్తారు. అక్కడ నేను చూసేది ఏసీ కాదు, బట్టలు మార్చుకునే గది. లోపల గడియ పడాలి, అద్దం ఉండాలి, గదికి వేరే దారి ఉండకూడదు. ఒక చోట గది పేరుతో కర్టెన్ వేలాడదీశారు, ఆ రోజు షూట్ క్యాన్సిల్ చేసుకుని వచ్చేశాం. ఫోటోలు ఎక్కడెక్కడ వాడతారో తెలుగులో ఒక పేజీ రాసి మోడల్ చేత సంతకం పెట్టించుకోండి, డబ్బులు ఆ రోజే ఇచ్చేయండి. మధ్యాహ్నం ఎర్రకారం దోసెలు మాత్రం తెప్పించకండి, కారానికి కళ్లు ఎర్రబడి అరగంట ఆగాల్సి వస్తుంది, పైగా చట్నీ చీర మీద పడితే ఆ చీర మీరే కొనుక్కోవాలి.

గ్రే పేపర్ ఎందుకన్నానంటే ఒక్క రోల్‌తో మూడు రంగులు వస్తాయి. మోడల్ లైటుకి మీటరు దూరంలో, పేపర్ రెండు మీటర్ల దూరంలో ఉంటే పేపర్ మీద పడేది నాలుగో వంతే, ముదురు బూడిద రంగు వస్తుంది. మూడు మీటర్లయితే తొమ్మిదో వంతు, దాదాపు నలుపు. పేపర్‌కి దగ్గరగా నిలబెడితే లేత బూడిద. వెంకటగిరి కాటన్ చీరలకి ఇది మరీ ముఖ్యం. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు వెంకటగిరి తిరుపతి జిల్లాకి వెళ్లిందిగానీ నెల్లూరు షాపుల్లో ఆ చీరల గిరాకీ ఎక్కడికీ పోలేదు. ఆ లేత తెలుపు నేత తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద పెడితే అంచు ఎక్కడ ఆగిందో తెలీదు. గ్రే మీద ప్రతి మడతా కనపడుతుంది.

జరీ ఇంకో కథ. ఆక్టా ఎదురుగా పెడితే జరీ మీద వెలుగు నేరుగా కెమెరాలోకి తిరిగొచ్చి అంచు మొత్తం తెల్లటి గీత అయిపోతుంది, బంగారం రంగే ఉండదు. పవర్ తగ్గిస్తే ముఖం నల్లబడుతుంది. చేయాల్సింది ఆక్టాని పక్కకి జరిపి, దాని మధ్యభాగం మోడల్ ముందు నుంచి దాటిపోయేలా కొంచెం తిప్పడం. అంచు వెలుగు మాత్రమే చీర మీద పాకుతుంది, జరీలో పోగులు విడివిడిగా కనపడతాయి. అటు పక్క నీడకి తెల్ల థర్మాకోల్ షీటు ఒకటి నిలబెడితే రెండో లైటు పని అదే చేసేస్తుంది. రాణి పింక్ చీరలకి మామూలు హిస్టోగ్రామ్‌ని (ఫోటోలో వెలుగు ఎంతుందో కెమెరా తెర మీద చూపే గ్రాఫ్) నమ్మకండి, అంతా బాగుందని చూపిస్తూనే ఎరుపు ఛానెల్ ఒక్కటీ నిండిపోయి ఉంటుంది, మడతలు మాయమై గుడ్డ అంతా రంగు పూసినట్టు వస్తుంది. ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) హిస్టోగ్రామ్ విడివిడిగా చూసి కాస్త తగ్గించండి. ఫోటోలో ఒక రంగు, పార్సిల్‌లో ఒక రంగు అని చీరలు వెనక్కి వస్తే షాపాయన ఫోన్ చేసేది మనకే.

ఇక తిట్లు. ఈ లైటు పవర్ మార్చినప్పుడల్లా రంగు కొంచెం మారుతుంది, తక్కువ పవర్‌లో ఒకలా ఉంటుంది, ఫుల్‌లో ఇంకోలా. అందుకే పవర్ కదిపిన ప్రతిసారీ మోడల్ చేతికి గ్రే కార్డ్ (రంగు సరిచూసుకునే బూడిద రంగు అట్ట) ఇచ్చి ఒక ఫ్రేమ్ తీస్తా. ఫ్లాష్‌లోనే ఉండి ఆగకుండా వెలిగే మోడలింగ్ బల్బు 150 వాట్లది, చిన్న గదిలో దాని వేడికి టిష్యూలు అయిపోతాయి. నీడ ఎక్కడ పడుతోందో చూసుకోవడానికి అది కావాలి, తీసేటప్పుడు ఆపేస్తా. కొత్తగా కొనేవాళ్లు ఎల్ఈడీ బల్బు ఉన్నది చూడండి. కరెంటు పోయినప్పుడు ఫ్లోర్‌లోని పాత ఇన్వర్టర్ మీద పెడితే గుర్రుమని మూలిగింది, వెంటనే పీకేశా. ఒకసారి ఛార్జింగ్ ఆగిపోతే సర్వీస్‌కి చెన్నై పంపాలన్నారు, రావడానికి వారాలు పట్టింది, ఈలోపు ఫోన్ ఎత్తినవాడు లేడు. దీనితో ఇచ్చిన స్టాండు గురించి అయితే చెప్పక్కర్లేదు, ఆక్టా తగిలిస్తే ముందుకి తూగుతుంది. వేరే స్టాండు కొన్నాను, దాని కాలి మీద పాత జీన్స్ ప్యాంటు కాళ్లు కుట్టించి పెన్నా ఇసుక నింపిన సంచులు వేస్తా. బజార్లో అమ్మే శాండ్‌బ్యాగులకన్నా బరువే.

ఇన్ని ఉన్నా మళ్లీ కొనాల్సొస్తే ఇదే కొంటా, స్టాండు వేరేగా, ఎల్ఈడీ బల్బుతో. తెల్ల బ్యాక్‌గ్రౌండే కావాలని షాపువాళ్లు పట్టుబడితే పేపర్‌కి విడిగా లైటు పడాలి కాబట్టి ఆ రోజుకి ఇంకో ఫ్లాష్ అద్దెకి తెచ్చుకుంటా, ఆ అద్దె బిల్లులో వేస్తా. పెళ్లిళ్లు మాత్రమే తీసేవాళ్లకి ఈ సెట్టు వద్దు, వైరు లాక్కుంటూ మండపంలో తిరగలేరు, బ్యాటరీ ఫ్లాష్ చూసుకోండి.