ఉద్యోగం పోయాక 60 రోజులు: బి-2, హెచ్-4, ఎఫ్-1, ఇంటిదారి... ఏది మేలు?

"లేఆఫ్ అయింది. బి-2 వేసి పెట్టుకోమంటున్నారు, వేయనా?" అమెరికాలో హెచ్-1బి (ఉద్యోగ వీసా) మీద ఉన్న మనవాళ్లు ఈ మధ్య పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇదే. బి-2 అంటే సందర్శకుల స్టేటస్, హెచ్-4 హెచ్-1బి ఉన్నవాళ్ల భార్యాభర్తలది, పిల్లలది, ఎఫ్-1 విద్యార్థులది. రెండేళ్ల క్రితమైతే "వేసెయ్యండి, పోయేదేముంది" అంటే సరిపోయేది. 2025 సెప్టెంబరు తర్వాత ఆ మాట అంత తేలిగ్గా అనలేం. గ్రేస్ పీరియడ్ (ఉద్యోగం పోయాక దేశంలో ఉండనిచ్చే 60 రోజులు) అంటే ఏమిటో, ట్రాన్స్‌ఫర్ (హెచ్-1బిని కొత్త కంపెనీకి మార్చుకోవడం) ఎలా జరుగుతుందో తెలిసినవాళ్ల కోసం రాస్తున్నాను కాబట్టి మొదటి పాఠాలు వదిలేసి అసలు లెక్కలోకి వస్తాను.

ముందు గడియారం సంగతి. 60 రోజులు మొదలయ్యేది హెచ్‌ఆర్ మెయిల్ వచ్చిన రోజు నుంచి కాదు, సెవరెన్స్ (తొలగించేటప్పుడు కంపెనీ ఇచ్చే పరిహారం) అయిపోయాకా కాదు. సాధారణంగా జీతం లెక్కలోకి వచ్చిన ఆఖరి రోజు మర్నాటి నుంచి. సెవరెన్స్ కింద మూడు నెలల డబ్బు ఒకేసారి ఇచ్చినా గడువు ఒక్క రోజు కూడా పెరగదు. పని చెప్పకుండా పేరోల్‌లో ఉంచి జీతం ఇస్తున్న కాలాన్ని ఉద్యోగంగా లెక్కేస్తారా లేదా అన్నది వాదనకు తావున్న విషయం. దాని మీద ఆధారపడి ప్లాన్ వేసుకోకండి.

ఇంకో మెలిక ఐ-94, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు. గడువు 60 రోజులు, లేదా ఐ-94 తేదీ, ఏది ముందొస్తే అది. హెచ్-1బి అప్రూవల్ 2027 దాకా ఉంది కదా అని ధీమాగా ఉంటారు. కానీ కిందటిసారి ఇండియా నుంచి వచ్చినప్పుడు పాస్‌పోర్ట్ గడువు దగ్గరపడి ఉంటే ఎయిర్‌పోర్టులో అధికారి ఆ పాస్‌పోర్ట్ తేదీ వరకే ఐ-94 ఇచ్చి ఉండొచ్చు. అలాంటివాళ్లకు 60 కాస్తా 20 అవుతుంది. ఉద్యోగం పోయిన రోజే సీబీపీ (అమెరికా సరిహద్దు విభాగం) సైటులో ఐ-94 తీసి చూడండి. ఆ తర్వాతే మిగతా పని.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఆఖరి జీతం రోజు 2026 మార్చి 31 అనుకుంటే అరవయ్యో రోజు మే 30. అది శనివారం. కొత్త కంపెనీ మీ కోసం వేసే పిటిషన్ ఆ లోపల పోస్టు చేస్తే చాలదు, యూఎస్‌సీఐఎస్‌కు (అమెరికా ఇమిగ్రేషన్ విభాగానికి) అందాలి. అంటే మే 29 శుక్రవారమే ఆఖరు అనుకోవాలి. పిటిషన్‌కు ముందు కావాల్సిన ఎల్‌సీఏకి (జీతం, పని షరతుల మీద కంపెనీ ఇచ్చే హామీ పత్రం) కార్మిక శాఖ 7 పనిదినాలు తీసుకుంటుంది. ఆ కంపెనీ అంతకు ముందెప్పుడూ ఎల్‌సీఏ వేయనిదైతే పన్ను నంబరు సరిచూసుకోడానికి ఇంకొన్ని రోజులు. మే 25 మెమోరియల్ డే సెలవు. మే 12న ఎల్‌సీఏ వేస్తే 21న చేతికొస్తుంది, సంతకాలు, కొరియర్ అయ్యేసరికి 27. కాబట్టి ఆఫర్ లెటర్ మే 8కల్లా చేతిలో ఉండాలి. ఉద్యోగం వెతుక్కోడానికి నిజంగా దొరికేది 60 కాదు, ఓ నలభై రోజులు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. కొత్త హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్ల చెల్లింపు పెడుతూ 2025 సెప్టెంబరు 19న ప్రకటన వచ్చింది, 21 నుంచి అమలైంది. అక్టోబరు 20న యూఎస్‌సీఐఎస్ ఇచ్చిన వివరణ ప్రకారం, అమెరికాలో ఉన్న మనిషికి కొత్త కంపెనీ పిటిషన్ వేసి, దాంతోపాటు అడిగిన స్టేటస్ పొడిగింపో మార్పో మంజూరైతే ఈ లక్ష వర్తించదు. తర్వాత ఆ అప్రూవల్ మీద ఇండియా వెళ్లి స్టాంపింగ్ (కాన్సులేట్‌లో పాస్‌పోర్ట్‌పై వీసా వేయించుకోవడం) చేయించుకున్నా వర్తించదు. కానీ పిటిషన్ బాగానే ఉండి, పిటిషన్ వేసేటప్పటికి మీకు స్టేటస్ లేదని తేల్చి, "కాన్సులేట్‌కి వెళ్లి రండి" అన్నారంటే లక్ష కట్టాల్సిందే.

కాగితంలో ఈ తేడా చిన్నదే. అప్రూవల్ నోటీసు 797-ఎ అయితే అడుగున చించుకునే ఐ-94 ముక్క ఉంటుంది. 797-బి అయితే ఉండదు, కాన్సులేట్‌కి వెళ్లి రావాల్సిందే. ఇదివరకు 797-బి వస్తే విమాన టికెట్, స్టాంపింగ్, ఓ నెల రోజుల తిప్పలు. ఇప్పుడు దాదాపుగా ఆ ఉద్యోగం పోయినట్టే, ఎందుకంటే మామూలు కంపెనీ ఏదీ ఒక డెవలపర్ కోసం లక్ష డాలర్లు కట్టదు. అందుకని బి-2నా, హెచ్-4నా, ఎఫ్-1నా అని తూచేటప్పుడు ఖర్చూ సౌకర్యమూ పక్కన పెట్టి ఒక్కటే అడగాలి: ఈ దారిలో వెళ్తే రేపు నాకు వచ్చేది 797-ఎ నా, 797-బి నా?

ఆ లెక్కన 60 రోజుల్లోపల అందిన ట్రాన్స్‌ఫర్‌ను మించింది లేదు. పిటిషన్ అందిన రోజు నుంచే పనిలో చేరొచ్చు, ఆఖరి రెండు మూడు పేస్టబ్‌లు (జీతం చీటీలు), ఐ-797 (పాత అప్రూవల్ నోటీసు), ఐ-94, టెర్మినేషన్ లెటర్ ఉంటే చాలు. ప్రీమియం (అదనపు ఫీజు కట్టి త్వరగా తేల్చుకునే సేవ) వేస్తే 15 పనిదినాల్లో తేలిపోతుంది. ఇక్కడే ఒక ప్రలోభం ఎదురవుతుంది. "మా కన్సల్టెన్సీలో వేసేస్తాం, ప్రాజెక్టు తర్వాత చూద్దాం, పేరోల్ డబ్బు మాత్రం మీరే సర్దాలి" అనేవాళ్లు. ప్రాజెక్టు లేని రోజులకు కూడా జీతం ఇవ్వాల్సింది కంపెనీయే, మీ డబ్బు మీకే జీతంగా తిప్పి ఇవ్వడం చట్టవిరుద్ధం. 2025 జనవరి 17న అమల్లోకి వచ్చిన నిబంధనలతో నిజమైన ఉద్యోగం ఉందని చూపించే కాంట్రాక్టులు అడిగే అధికారం యూఎస్‌సీఐఎస్‌కి స్పష్టంగా వచ్చింది. క్లయింట్ లెటర్ ఇవ్వగలిగిన కన్సల్టెన్సీ అయితే నిరభ్యంతరంగా చేరండి. ఇవ్వలేమంటే అది మీకు ఉద్యోగం కాదు, ఆర్‌ఎఫ్‌ఈ (ఇంకా ఆధారాలు పెట్టమనే నోటీసు).

ఆఫర్ రాలేదు, నలభై రోజులు గడిచాయి. అప్పుడు?

భార్యో భర్తో హెచ్-1బి మీద ఉంటే ఇంకో ఆలోచన పెట్టుకోకుండా హెచ్-4 వేయండి. ఐ-539 (స్టేటస్ మార్పు, పొడిగింపు దరఖాస్తు) ఫీజు ఆన్‌లైన్లో 420 డాలర్లు, కాగితం మీద 470. హెచ్-4కి "తిరిగి వెళ్లిపోతాను" అని నిరూపించుకోవాల్సిన అవసరం లేదు. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఉన్నా అడ్డు కాదు. కావాల్సింది పెళ్లి ధ్రువపత్రం, అవతలివాళ్ల ఐ-797, ఇటీవలి పేస్టబ్‌లు. అవతలివాళ్లకు ఐ-140 అప్రూవ్ అయి ఉంటే ఈఏడీకి (పని అనుమతి కార్డుకి) దాని దరఖాస్తు ఐ-765 కూడా కలిపి వేసేయొచ్చు. హెచ్-4లో గడిపిన కాలం హెచ్-1బికి ఉన్న ఆరేళ్ల పరిమితి లెక్కలోంచి పోదు. అన్నిటికన్నా పెద్ద లాభం, మంజూరుకు అడ్డుపడేది తక్కువ. మంజూరయ్యాక స్టేటస్ గట్టిది కాబట్టి ఆర్నెల్ల తర్వాత ఆఫర్ వచ్చినా హెచ్-4 నుంచి హెచ్-1బికి లోపలే మారొచ్చు. లాటరీ అక్కర్లేదు, లక్షా అక్కర్లేదు.

చిక్కులు మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చేవి రెండు. ఒకటి, పెళ్లి రిజిస్టర్ చేయించుకోకపోవడం. శుభలేఖ, ఫొటోలు ధ్రువపత్రానికి సాటి రావు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇద్దరూ హాజరు కావాల్సిన పనిని ఈ 60 రోజుల్లో డాలస్‌లో కూర్చుని చేయించడం అయ్యేది కాదు. రెండోది, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు రెండో గడిలో పెట్టడం. వీసాలో, ఐ-94లో ఆ మొత్తం ఇంటిపేరుగా మారి, పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (పేరు తెలియదు) అని వచ్చి ఉంటుంది. ఐ-539లో ఐ-94 మీద ఎలా ఉందో అక్షరం మారకుండా అలాగే రాయండి, సర్టిఫికెట్లలో వేరుగా ఉంటే ఇతర పేర్ల గడిలో చూపించండి.

ఇక అందరూ అడిగే బి-2. వేస్తే జరిగేది ఇది: దరఖాస్తు పెండింగులో ఉన్నంత కాలం దేశంలో ఉండొచ్చు, అక్రమ నివాసం లెక్క మొదలవ్వదు, ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చు. కానీ పెండింగ్ అంటే స్టేటస్ కాదు. అరవయ్యో రోజు దాటాక కొత్త కంపెనీ పిటిషన్ వేస్తే, పాత హెచ్-1బికీ కొత్తదానికీ మధ్య ఉన్న ఖాళీని నింపేది ఆ బి-2 మంజూరు ఒక్కటే. బి-2 తిరస్కరిస్తే ఖాళీ ఖాళీగానే మిగులుతుంది, అప్పుడు చేతికొచ్చేది 797-బి. బి-2కి ప్రీమియం లేదు, నెలలు పడుతుంది. హెచ్-1బికి ప్రీమియం వేస్తే 15 పనిదినాల్లో ఆ అధికారి ఏదో ఒకటి తేల్చాలి. అప్పటికి బి-2 తేలకపోతే ఏం చేస్తారన్నది మీ చేతుల్లో లేదు. ప్రీమియం వేయకుండా నిదానంగా వెళ్తే బి-2 ముందు తేలే అవకాశం పెరుగుతుంది గానీ, ఈ దారిలో పిటిషన్ రిసీట్ మీద పనిలో చేరడం కుదరదు, మంజూరు దాకా ఆగాలి. అన్ని నెలలు ఆగే కంపెనీ ఎక్కడుంది?

అయినా బి-2 తప్పదనుకునేవాళ్లు మూడు పొరపాట్లు చేయకుండా చూసుకోవాలి. కొత్త ఉద్యోగం రాగానే "ఇక ఎందుకు" అని బి-2ని విత్‌డ్రా చేసుకోకండి, వంతెన మీద నిలబడి వంతెన కూల్చుకున్నట్టు అవుతుంది. ఎప్పటిదాకా ఉంటారో ఐ-539లో రాసిన తేదీ దాటిపోతూ దరఖాస్తు ఇంకా తేలకపోతే, ఆ తేదీకి ముందే రెండో ఐ-539 వేయాలి. మధ్యలో దేశం దాటి బయటికి వెళ్తే దరఖాస్తు వదిలేసుకున్నట్టే. కారణం దగ్గర కూడా "ఉద్యోగం వెతుక్కోవాలి" అని ఒక్క ముక్క రాయకండి. ఇల్లు ఖాళీ చేయడం, కారు అమ్మడం, పిల్లల స్కూలు ఏడాది పూర్తి కావడం లాంటివి తేదీలతో, బ్యాంకు స్టేట్‌మెంటుతో పెట్టండి. అవి నిజమైతేనే సుమా.

ఎఫ్-1 గురించి క్లుప్తంగా. కావాల్సింది ఐ-20 (కాలేజీ ఇచ్చే ప్రవేశ పత్రం), సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డు వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, మొదటి ఏడాది ఖర్చుకు డబ్బు చూపించడం. బి-2కి లేని ఒక సౌకర్యం ఇక్కడుంది: ఎఫ్-1 మార్పుకు ప్రీమియం ఉంది, దాదాపు 2,000 డాలర్లు, 30 పనిదినాలు. అందుకే హెచ్-4 అవకాశం లేని ఒంటరివాళ్లకు, నిజంగా చదవాలనుకుంటే, బి-2 కన్నా ఇదే నయం. మంజూరైతే చేతిలో ఖాయమైన స్టేటస్ ఉంటుంది. ఐ-140 ఉన్నవాళ్లకు "చదువయ్యాక వెళ్తారా" అన్న ప్రశ్న గట్టిగానే పడుతుంది. కోర్సు మొదలయ్యే తేదీకి మార్పు మంజూరు కాకపోతే కాలేజీని అడిగి తేదీ జరిపిన కొత్త ఐ-20 తీసుకోవాలి. చేరిన రోజు నుంచే పని చేసుకోవచ్చని సీపీటీ (చదువులో భాగంగా పని చేసే అనుమతి) అమ్మే కాలేజీల జోలికి పోకండి. తర్వాత హెచ్-1బికి మారేటప్పుడు హాజరు, సిలబస్, ఫీజు రసీదులు అన్నీ అడుగుతారు. అక్కడ తేడా వస్తే మళ్లీ 797-బియే.

తట్టాబుట్టా సర్దుకుని వెళ్లిపోవడం ఓటమి అనుకునేవాళ్లు ఒకసారి పాస్‌పోర్ట్ తీసి వీసా స్టాంపు తేదీ చూసుకోవాలి. పాత కంపెనీ పేరు మీద ఉన్నా, హెచ్-1బి స్టాంపు ఇంకా చెల్లుతుంటే, ఇండియాలో ఉండగా కొత్త కంపెనీ వేసే పిటిషన్‌కు లక్ష వర్తించదు. కొత్త ఐ-797 పట్టుకుని అదే స్టాంపు మీద రావొచ్చు. ఏడాదిన్నర స్టాంపు మిగిలున్న ఒంటరి మనిషికి, తేలని బి-2 కన్నా ఇది మంచి దారి అని నా ఉద్దేశం. పైగా తొలగించింది కంపెనీ అయితే తిరుగు ప్రయాణం ఖర్చు వాళ్లే ఇవ్వాలి, అడగండి. స్టాంపు గడువు తీరినవాళ్ల కథ వేరు. లక్ష సంగతి అలా ఉంచితే, 2025 సెప్టెంబరు నుంచి ఇంటర్వ్యూ లేని రెన్యువల్ దాదాపు పోయింది, డిసెంబరు 15 నుంచి సోషల్ మీడియా తనిఖీ వచ్చి హైదరాబాద్ కాన్సులేట్‌తో సహా అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి.

ఐ-140 ఉన్నవాళ్లకు ప్రత్యేక పరిస్థితుల కింద ఇచ్చే ఏడాది ఈఏడీ ఒకటుంది. ఉద్యోగం పోవడం ఒక్కటే దానికి చాలదు, వాడితే హెచ్-1బి స్టేటస్ పోతుంది, తిరిగి రావాలంటే దేశం బయటికి వెళ్లాలి. వదిలేయండి. ఐ-485 (గ్రీన్‌కార్డు ఆఖరి దశ దరఖాస్తు) వేసి 180 రోజులు దాటి, ఈఏడీ చేతిలో ఉన్నవాళ్లకు ఈ గొడవంతా లేదు.

అన్నట్టు ఐ-140 భయం ఒకటి. అప్రూవ్ అయి 180 రోజులు దాటితే పాత కంపెనీ వెనక్కి తీసుకున్నా ఆరేళ్ల తర్వాతి పొడిగింపులకు పనికొస్తుంది. దాటకముందు వెనక్కి తీసుకుంటే పొడిగింపుకు పనికిరాదు గానీ, మోసమో పొరపాటో బయటపడితే తప్ప ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు వరుసలో మీ తేదీ) మీదే. టెర్మినేషన్ రోజున హెచ్‌ఆర్‌ను అడగాల్సిన మాట ఇదే: 180 రోజులు నిండేదాకా విత్‌డ్రా చేయకుండా ఉంచగలరా అని. మర్యాదగా అడిగితే ఒప్పుకునే కంపెనీలు చాలానే ఉన్నాయి.

కుటుంబం సంగతి చివరికి వదిలేస్తుంటారు. మీ స్టేటస్ మీద ఆధారపడిన హెచ్-4లు మీతోనే కదలాలి. బి-2 వేస్తే ఒకే ఐ-539 కింద ఒక్కొక్కరికీ ఐ-539ఎ (కుటుంబ సభ్యుల అనుబంధ ఫారం) జతచేస్తే ఒక్క ఫీజుతో సరిపోతుంది. ఎఫ్-1 అయితే వాళ్లు ఎఫ్-2, ఆ స్టేటస్‌లో పని చేయడానికి లేదు. గడువులోపల ట్రాన్స్‌ఫర్ అయితే వాళ్లకు వెంటనే వేయాల్సిందేమీ ఉండదు, కానీ వాళ్ల ఐ-94 తేదీలు విడివిడిగా తీసి చూడండి. మీ కొత్త 797-ఎ 2029 దాకా వచ్చినా పిల్లల ఐ-94 పాత తేదీకే ఆగిపోయి ఉంటుంది, దానికి వేరే ఐ-539 వేయాలి.