'ది స్నోమ్యాన్': నవల చదవాలా, సినిమా చూడాలా?

నార్వే రచయిత యో నెస్బో రాసిన ఈ క్రైమ్ నవల 2007లో వచ్చింది, సినిమా 2017లో. ముందు ఏది పట్టుకోవాలన్నదే ప్రశ్న.

సమయం: సినిమాకి రెండు గంటలు చాలు. నవలకి నాలుగైదు రాత్రుల నిద్ర వదులుకోవాలి.

ఖర్చు: పెద్ద తేడా ఉండదు, వదిలేద్దాం.

రిస్క్: అసలు గొడవంతా ఇక్కడే. మొదట సినిమాని హాలీవుడ్ దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ తీస్తాడనుకున్నారు. ఆయన నిర్మాణానికే పరిమితమయ్యాక దర్శకుడిగా టోమస్ ఆల్‌ఫ్రెడ్‌సన్ వచ్చాడు. నార్వేలో షూటింగ్‌కి టైమ్ చాలలేదు. స్క్రిప్టులో 10 నుంచి 15 శాతం తీయనేలేదని, ఎడిటింగ్‌కి కూర్చున్నాకే ఆ లోటు బయటపడిందని దర్శకుడే ఒప్పుకున్నాడు. అందుకే క్లూలు గాల్లో వేలాడతాయి. నటుడు వాల్ కిల్మర్ కనబడతాడు, గొంతు మాత్రం ఆయనది కాదు. డబ్బింగ్ సినిమాలు చూసి పెరిగిన మనకే తేడా కొడుతుంది!

భయం: నవలలో ఓ పిల్లాడి తల్లి మాయమైన రాత్రి, మంచు బొమ్మ ఇంటివైపే చూస్తుంటుంది. దాని మెడకి ఆవిడ గులాబీ స్కార్ఫ్. ఆ వణుకు తెరమీద సగం కూడా లేదు. మంచు కొండలు మాత్రం సినిమాలోనే బాగుంటాయి.

హంతకుడెవరో ఊహిస్తూ చదవడం ఇష్టమైతే నవలే. సిరీస్‌లో (హ్యారీ హోలే అనే డిటెక్టివ్ కథలు) ఇది ఏడోది, అయినా నేరుగా మొదలుపెట్టొచ్చు. ఆల్రెడీ చదివేసి, మంచి టీమ్ చేతిలో కథ ఎలా చెడుతుందో చూడాలనుంటే సినిమా. ముందు సినిమా చూస్తే మాత్రం హంతకుడెవరో తెలిసిపోతుంది, నవల చప్పబడిపోతుంది.