కార్నియా మార్పిడి: పుండు ఉండగానే మేలా, మానాక మేలా?

వేరుశనగ చెట్లు పీకే రోజులొస్తే చాలు, మా అనంతపురం వైపు ఈ ప్రశ్న మొదలవుతుంది. కంట్లో మట్టో పొట్టో పడి పుండైంది, కార్నియా (నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర) మార్చాల్సి రావచ్చన్నారు. ఇప్పుడే చేయించేస్తే పోదా, మందులతో మానేదాకా ఆగాలా అని. ఆప్తాల్మిక్ ఆఫీసర్‌గా ఇలాంటి కళ్లను ఆపరేషన్‌కు ముందూ, ఏళ్ల తర్వాతా చూస్తుంటాను. నాకు తోచింది చెబుతాను.

పేరొకటే గానీ ఇవి రెండు వేర్వేరు పనులు. పుండు ఉండగా చేసేది కంటిగుడ్డును కాపాడటానికి. పుండు మాని తెల్లటి పువ్వు మిగిలాక చేసేది చూపు కోసం.

నా దృష్టిలో తేల్చేది ఒక్కటే: కొత్త కార్నియా పెట్టే రోజున కన్ను ఎర్రగా రగులుతోందా, చల్లబడిందా? చీము పట్టిన కంట్లో, ఇన్ఫెక్షన్ పాకిన మేరకు మించి ఇంకొంచెం బయటికే సర్జన్ కోయాలి. దాంతో అతుకు, అంటే పెట్టే కొత్త కార్నియా ముక్క, పెద్దదవుతుంది, దాని అంచు తెల్లగుడ్డు దగ్గరున్న రక్తనాళాల వైపు జరుగుతుంది. కార్నియాలో మామూలుగా రక్తనాళాలుండవు, అందుకే పరాయి పొరను ఒళ్లు అంత త్వరగా పసిగట్టదు. ఇక్కడ ఆ వెసులుబాటు పోతుంది. రిజెక్షన్‌ను, అంటే ఒళ్లు ఆ పరాయి పొరను తిప్పికొట్టడాన్ని, ఆపేవి స్టెరాయిడ్ చుక్కలు. మన రైతుల కళ్లలో తరచూ కనిపించే ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ బూజులకేమో అవే స్టెరాయిడ్లు బలం. కాబట్టి ఆపరేషన్ అయిన వెంటనే ధైర్యంగా వేయలేరు. వేస్తే బూజు తిరగబెట్టొచ్చు, వేయకపోతే అతుకు మసకబారొచ్చు. పైగా కంట్లో ప్రెషర్ పెరిగే భయమూ ఇలాంటి కళ్లకే ఎక్కువ.

హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి 1997లో తన మార్పిడుల లెక్క ప్రచురించింది. అన్ని కారణాలూ కలిపితే ఏడాదికి సుమారు 80 శాతం, ఐదేళ్లకు 46 శాతం కార్నియాలు తేటగా నిలిచాయి. ఇన్ఫెక్షన్‌తో సంబంధం లేని కెరటోకోనస్ (కార్నియా పలచబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు) కళ్లలో మాత్రం ఐదేళ్లకూ 95 శాతం. పాత లెక్కే, అయినా పెట్టిన కన్ను ఎలాంటిదన్నది ఎంత తేడా తెస్తుందో ఇందులో కనిపిస్తుంది.

అందుకే ఆగగలిగితే ఆగమంటాను. ఆగడంలోనూ చాకిరీ ఉంది. బూజు పుండైతే నాటమైసిన్ చుక్కలు మొదట్లో గంటగంటకూ వేయాలి, వారాల తరబడి సాగాలి. బూజు పుండు మందులను పోల్చి చూసిన, 2013లో ఫలితాలు వెలువడిన మట్ ట్రయల్‌లో వొరికొనజోల్ చుక్కల కంటే ఇవే మెరుగని తేలింది. ఆకుపసర్లు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ఎర్రకంటి చుక్కలు వద్దు. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. పుండు మానాక కూడా కన్ను కొన్ని నెలలు నెమ్మదిగా ఉందని చూశాకే మార్పిడి సంగతి.

అయితే చిల్లు పడినా, పడబోతున్నా, మందులు వాడుతున్నా పుండు తెల్లగుడ్డు వైపు పాకుతున్నా ఈ వాదనంతా పక్కన పెట్టేయండి. కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రికో, కార్నియా సర్జన్ ఉన్న మరో చోటికో ఆ రోజే బయల్దేరాలి. అలా పెట్టిన అతుకు కొన్ని నెలలకు తెల్లబడితే ఇంట్లోవాళ్లు ఆపరేషన్ ఫెయిలైందంటారు. నేననను. గుడ్డు దక్కింది కదా. రెండోసారి పెట్టింది నిలిచే అవకాశం తక్కువే, కానీ ఆ అవకాశమైనా మిగిలింది.

మిగతావి రెండు ముక్కల్లో. చిల్లును అంటించి మూసే గ్లూ చిన్న చిల్లులకు, కొంత గడువు సంపాదించడానికి. పై పొరలు మాత్రమే మార్చే డాల్క్‌లో లోపలి పొర మనదే కాబట్టి ఆ పొరకు రిజెక్షన్ ఉండదు. పువ్వు మరీ లోతుగా లేకపోతే దాని గురించి అడగండి. హెర్పిస్ వైరస్ వల్ల వచ్చిన పువ్వయితే మార్పిడి తర్వాత ఎసైక్లోవిర్ మాత్రలు ఎన్నాళ్లు వాడాలో కనుక్కోండి.

ఏది చేయించుకున్నా చుక్కలు చాలాకాలం వేయాలి, కుట్లు తీయడానికే ఏడాది పైన పట్టొచ్చు. కన్ను ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకైనా టెన్షన్ పడుతూ ఇంట్లో కూర్చోకుండా అదే రోజు చూపించాలి. మొదట్లోనే పట్టుకుంటే రిజెక్షన్ చాలాసార్లు లొంగుతుంది. కర్నూలు నుంచి హైదరాబాదే రెండొందల కిలోమీటర్ల పైన. అలాంటి రోజున దగ్గర్లో ఎవరి దగ్గరికి పరుగెత్తాలో డిశ్చార్జి అయ్యేటప్పుడే సర్జన్‌తో చీటీ మీద రాయించుకోండి.