బెనిన్ సిటీలో రెండు రాత్రులు

ముందే ఒక మాట: బెనిన్ సిటీ ఉన్నది బెనిన్ దేశంలో కాదు, నైజీరియాలోని ఎడో రాష్ట్రంలో. లాగోస్ నుంచి సుమారు 300 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు కారు. చెక్‌పోస్టులు, గుంతలు దాటుకుని చేరేసరికి పొద్దుపోయింది. వచ్చేటప్పుడు విమానం ఎక్కాం, హాయి.

హోటల్ గది శుభ్రంగానే ఉంది. 24 గంటల కరెంటు అన్నారు గానీ, రాత్రి ఒంటిగంటకల్లా జనరేటర్ ఆపేశారు. డీజిల్ అయిపోయిందట! అయినా పూర్తిగా తిట్టలేను. శనివారం అక్కడి హాల్లోనే ఒక ఎడో పెళ్లి చూశాం మరి. పెళ్లికూతురి తలమీద పగడాలతో అల్లిన కిరీటంలాంటి ‘ఒకుకు’, మెడనిండా, చేతులనిండా పగడాలే. జాతకం చూపించుకుని వేలికి ఒక్క పగడం పెట్టుకునేవాళ్లం, నోరెళ్లబెట్టి చూశాం. 15వ శతాబ్దపు బెనిన్ రాజు ఎవారే వీటిని సముద్ర దేవత ఒలోకున్ దగ్గర్నుంచి తెచ్చాడని వాళ్ల కథ. సంపదనీ సంతానాన్నీ ఇచ్చేది ఒలోకునే. ఆ పైన సృష్టికర్త ఒసనోబువా. హోటల్ కుర్రాడు ఆదివారం చర్చికి వెళ్లొచ్చాడు, కానీ రాజు, అంటే ‘ఒబా’, మాటెత్తితే మాత్రం గౌరవంగా గొంతు తగ్గించాడు.

ఊరి నడిబొడ్డున ఉన్న మ్యూజియానికి గంట చాలు. 1897లో బ్రిటిష్ సైన్యం రాజభవనాన్ని దోచుకుని, ఒబా ఒవొన్రామ్వెన్‌ను దూరంగా కలబార్ అనే ఊరికి ప్రవాసం పంపేసింది. పేరున్న లోహపు బొమ్మలు చాలావరకు లండన్, బెర్లిన్‌లకు చేరాయి. కొన్ని ఈమధ్యే తిరిగొస్తున్నాయి.

అసలు చూడాల్సింది ఇగున్ వీధి. పోతపని చేసేవాళ్ల వీధి అది, తరతరాలుగా అదే పని. మట్టి ముద్దమీద మైనంతో బొమ్మ చేసి, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. ఆదిలాబాద్‌లో ఓజా కళాకారులు చేసే డోక్రా పోతపని చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. కంచు బొమ్మలంటారు గానీ చాలావాటిలో ఉన్నది ఇత్తడే. ఒకాయన బేరం పక్కనబెట్టి అరగంటసేపు అచ్చు పగలగొట్టి చూపించాడు. మొదట చెప్పిన ధరలో సగానికి దిగాడు, ఇంకా దిగేవాడేమో, నాకే మొహమాటమేసింది.

ఒకప్పటి ఇక్కడి రాజమాత, రాణి ఇడియా తల బొమ్మ కొన్నాను, అరచేతిలో పట్టేంత. దేశం దాటించాలంటే పాత వస్తువు కాదని మ్యూజియం శాఖ ఇచ్చే కాగితం తీసుకోండి. నేను లాగోస్‌లోనే ఉంటాను కాబట్టి ఆ తిప్పలు తప్పాయి. ఎయిర్‌పోర్టులో స్కానర్ దగ్గరున్నావిడ బ్యాగ్ తెరిపించి, “ఇడియా!” అని నవ్వి, మళ్లీ తనే చుట్టి పెట్టింది.