తడిసిన ఎల్‌ఐసీ డైరీ నుంచి కీపాస్‌ఎక్స్‌సీ దాకా: ఏడాదిపైగా వాడాక నా రివ్యూ

కీపాస్‌ఎక్స్‌సీ అంటే పాస్‌వర్డ్‌లన్నిటినీ ఒకే తాళం కింద దాచిపెట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్, దీన్నే పాస్‌వర్డ్ మేనేజర్ అంటారు. ముందే చెప్పేస్తున్నా, నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాదు. విజయవాడ గవర్నర్‌పేటలో చిన్న ఆఫీసు, జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లు వేస్తుంటా. మా పనిలో సగం లెక్కలు, సగం పాస్‌వర్డ్‌లు. ఒక్కో పార్టీకి, అంటే క్లయింట్‌కి, జీఎస్టీ పోర్టల్‌ది ఒకటి, ఇన్‌కమ్ ట్యాక్స్‌ది ఒకటి, పీఎఫ్‌ది ఒకటి, ఈ-వే బిల్లుది ఒకటి, చాలామందికి మెయిల్ కూడా మేమే ఓపెన్ చేసిపెడతాం కాబట్టి అదింకోటి. అరవై పార్టీలు అనుకోండి, లెక్క మీరే వేసుకోండి.

ఇవన్నీ ఎల్‌ఐసీ డైరీలో రాసుకునేవాణ్ణి. ఆఫీస్ కంప్యూటర్లో ఒక ఎక్సెల్ షీట్ కూడా ఉండేదిలెండి, దాన్ని అప్‌డేట్ చేసి రెండేళ్ళయింది. ఇల్లేమో సింగ్‌నగర్లో, గ్రౌండ్ ఫ్లోర్. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు వాగు పొంగి ఇంట్లోకి వచ్చేసినప్పుడు అమ్మని, గ్యాస్ బండని, మందుల డబ్బాని మేడ మీదకి చేర్చేసరికే నడుం లోతు, బీరువా కింద అరలో డైరీ ఉందన్న సంగతే గుర్తు రాలేదు. నీళ్ళు తీశాక చూస్తే పేజీలు అప్పడాల్లా అంటుకుపోయున్నాయి, బాల్ పెన్నుతో రాసినవి కనపడుతున్నాయి, జెల్ పెన్నుతో రాసినవి మాత్రం నీలం మరక. నా ఖర్మకి ఆ ఏడాదంతా జెల్ పెన్నే వాడా. నెల 11కి జీఎస్టీఆర్-1 రిటర్న్, 20కి 3బి రిటర్న్ వెయ్యాలి, పాస్‌వర్డ్ రీసెట్ కొడితే ఓటీపీ వెళ్ళేది పార్టీ ఫోన్‌కి, ఆ పార్టీ కూడా మునిగినవాడే, ఫోన్ స్విచ్ ఆఫ్. ఆ పది రోజులు పగవాడికి కూడా వద్దు.

అప్పుడు కూర్చున్నా పాస్‌వర్డ్ మేనేజర్ వెతకడానికి. నాకు కావల్సినవి రెండే: నెట్ లేకపోయినా తెరుచుకోవాలి, ఎందుకంటే ఆ వారం మా ఏరియాలో కరెంటూ లేదు సిగ్నలూ లేదు. రెండోది, ఇవి నా పాస్‌వర్డ్‌లు కాదు, నన్ను నమ్మి జనం ఇచ్చినవి, కాబట్టి ఎక్కడున్నాయి అంటే వేలు పెట్టి చూపించగలగాలి.

బ్రౌజర్లో సేవ్ చేసుకోవడం తేలికే, కానీ అకౌంట్ లాకైతే అన్నీ ఒకేసారి పోతాయేమోనని భయం. లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది, 2022లో వాళ్ళ దగ్గర్నుంచి కస్టమర్ల వాల్ట్ (పాస్‌వర్డ్‌లు దాచే పెట్టె) బ్యాకప్‌లు హ్యాకర్లు పట్టుకుపోయారు. లోపలి పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్షన్‌లోనే, అంటే తాళం లేనిదే చదవలేని రూపంలోనే ఉన్నా వెబ్‌సైట్ల అడ్రస్‌లు మామూలుగానే ఉన్నాయి, అంటే ఎవరికి ఏ బ్యాంకులో అకౌంటుందో తెలిసిపోతుంది.

బిట్‌వార్డెన్ అని ఇంకోటుంది, అది మాత్రం మంచిదే, కాదనను. కోడ్ అందరికీ కనపడేలా పెట్టారు, ఫ్రీలోనే ఎన్ని పాస్‌వర్డ్‌లైనా ఎన్ని ఫోన్లలోనైనా పెట్టుకోవచ్చు. మా చెల్లికి అదే పెట్టిచ్చా. మన సొంత సర్వర్ మీద నడుపుకోవాలంటే దాని యాప్‌లతోనే పనిచేసే వాల్ట్‌వార్డెన్ అని తేలికైన సర్వర్ ప్రోగ్రామ్ ఒకటుంది. దాన్ని ఆఫీసులో పాత సీపీయూలో పెట్టి ఒక వారం కుస్తీ పట్టా. దానికి హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ కావాలి, బయట్నుంచి తెరవాలంటే పబ్లిక్ ఐపీ (బయటి నెట్ నుంచి మన కంప్యూటర్‌ని చేరే అడ్రస్) కావాలి, మన కేబుల్ నెట్ అబ్బాయిని ఐపీ అడిగితే “రూటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి సార్” అన్నాడు. అక్కడితో దణ్ణం పెట్టేశా.

చివరికి కీపాస్‌ఎక్స్‌సీ దగ్గర ఆగా. కీపాస్ అనేది 2003 నుంచీ ఉంది, ఇది ఆ కుటుంబంలోదే గానీ వేరేవాళ్ళు వేరేగా రాసింది. 2023లో పాత కీపాస్‌లో కంప్యూటర్ మెమరీ నుంచి మాస్టర్ పాస్‌వర్డ్ (అన్నిటినీ తెరిచే ఆ ఒక్క పాస్‌వర్డ్) లాగే లోపం బయటపడి 2.54 వెర్షన్లో సరిచేశారు, దీనికి ఆ సమస్య రాలేదు. పైసా కట్టక్కర్లేదు, అకౌంట్ అక్కర్లేదు. మొత్తం సామానంతా ఒకే ఒక్క ఫైలు, డాట్ కేడీబీఎక్స్ అని ఉంటుంది. నా వందల ఎంట్రీలు కలిపినా వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో కంటే చిన్నది. ఆ ఫైలు ఎవడి చేతికి చిక్కినా మాస్టర్ పాస్‌వర్డ్ లేకపోతే చెత్తే, అయితే ఆ మాస్టర్ గట్టిదై ఉండాలి. నేను పిల్లల వైకుంఠపాళి పాచిక తీసుకుని ఐదేసి సార్లు వేసి ఒక్కో మాట చొప్పున 7,776 మాటల లిస్టులోంచి ఆరు మాటలు తీశా. మా ఆవిడ చూసి వీడికి వరద తలకెక్కింది అనుకుంది.

ఎక్సెల్‌ని సీఎస్‌వీ (సాదా అక్షరాల పట్టిక ఫైలు) చేసి లోపలికి ఎక్కించడం పావుగంట పని (ఎక్కించాక ఆ సీఎస్‌వీనీ ఎక్సెల్‌నీ డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యండి, చాలామంది అక్కడే వదిలేస్తారు). తర్వాత బలహీనమైన పాస్‌వర్డ్‌లు చూపించే హెల్త్ చెక్ అని ఒకటుంది, నొక్కితే సిగ్గుతో చచ్చా. నలభైకి పైగా ఎంట్రీలకి ఒకటే పాస్‌వర్డ్, దుర్గమ్మ ఎట్ 123. బెజవాడలో సగం వైఫైలు దాంతోనే నడుస్తున్నాయని నా అనుమానం.

రోజువారీ వాడకంలో నాకు బాగా నచ్చింది, కాపీ కొడితే కింద సెకన్లు లెక్కపెడుతూ పదికల్లా క్లిప్‌బోర్డ్ తుడిచేస్తుంది. మొదట్లో నేను పోర్టల్ తెరిచేలోపే మాయమై విసుగొచ్చేది, ఇప్పుడు వేళ్ళకి అలవాటైపోయింది. ఫోన్లో కీపాస్‌డీఎక్స్ అనే యాప్ వాడుతున్నా, అదే ఫైలు తెరుస్తుంది, వేలిముద్ర పెడితే చాలు. కొన్ని బ్యాంకు యాప్‌లలో ఆటోఫిల్ (పాస్‌వర్డ్ దానంతటదే నింపడం) రాదు, అప్పుడు దాని కీబోర్డుకి మారాల్సిందే, అదో చికాకు.

అసలు తలనొప్పి ఫైలుని ఫోన్‌కీ ఆఫీసుకీ ఒకేలా ఉంచడం. సింక్‌థింగ్ అనే ప్రోగ్రామ్ పెట్టా, మధ్యలో ఎవడి క్లౌడూ లేకుండా రెండూ నేరుగా మాట్లాడుకుంటాయి. ఆండ్రాయిడ్‌కి వాళ్ళ అఫీషియల్ యాప్ 2024 డిసెంబర్‌తో ఆపేశారు, ఇప్పుడు అదే కోడ్ తీసుకుని వేరేవాళ్ళు నడిపే ఫోర్క్ వెర్షన్ వాడుతున్నా. ఒకరోజు నేను ఆటోలో ఉండి ఫోన్లో ఒక పార్టీ పాస్‌వర్డ్ మార్చా, అదే టైమ్‌కి ఆఫీసులో మా కుర్రాడు ఇంకోటి మార్చాడు, చూస్తే ఫోల్డర్లో రెండు ఫైళ్ళు, ఒకదాని పేర్లో సింక్ కాన్‌ఫ్లిక్ట్ అని. గుండె జారింది. డేటాబేస్ మెనూలో మర్జ్ అని ఉంది, రెండూ కలిపేసింది, ఏదీ పోలేదు. అయినా అప్పట్నుంచి మా కుర్రాడికి “ఒరేయ్, మార్చేముందు నాకో మాట చెప్పు” అని రూల్ పెట్టా.

ఇది ఎవరికి వద్దంటే, బ్యాకప్ అంటే రేపు చూద్దాంలే అనేవాళ్ళకి వద్దు. మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే ఫర్‌గాట్ పాస్‌వర్డ్ లింకు ఉండదు, ఫోన్ చెయ్యడానికి కస్టమర్ కేర్ ఉండదు. నా చేతిలో ఉన్నది పోగొట్టుకునేదీ నేనే, అది డైరీ అప్పుడే తెలిసింది. అందుకే ఫైలు కాపీ రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టా. ఒకటి ఆఫీసులో, ఇంకోటి గుంటూరు బ్రాడీపేటలో అక్కావాళ్ళింట్లో రెండో అంతస్తులో, ఎందుకంటే బుడమేరు అక్కడిదాకా రాదు. ఆరు మాటలు రాసిన కాగితం ఒక కవర్లో అతికించి బావ బీరువాలో పెట్టించా, అదీ బాల్ పెన్నుతోనే. కాగితం, పెన్‌డ్రైవ్ ఒకేచోట పెట్టడం తప్పే, ఈసారి కవర్ని మామయ్యగారింటికి మార్చాలి.

పోయిన ఆదివారం వెళ్ళి గుంటూరు పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే అసలు డిటెక్టే కాలేదు. బావ ఒకటే నవ్వు. బీసెంట్ రోడ్డులో కొత్తది కొన్నా, ఈ శనివారం మళ్ళీ వెళ్తున్నా.