సిరొంచ వైపు మిరప రైతులూ, మందు సీసా కొనేముందు కాగితం విప్పి చూడండి

మొన్న మహారాష్ట్రలోని మన సిరొంచలో ఒక కృషి కేంద్రం (పురుగుమందుల షాపు) నుంచి మా బావ మిరపకు పురుగుమందు తెచ్చాడు. మందు నకిలీది అనడం లేదు. దాని మీద రాసిన తీరే మమ్మల్ని ముంచింది.

సీసాతో వచ్చిన కాగితం విప్పితే చేటంత. అక్షరాలేమో భూతద్దం పెట్టినా ఆనవు. భాషతో పేచీ లేదు. హిందీ, ఇంగ్లిషుతో పాటు స్థానిక భాష ఉండాలని రూలు, మరాఠీ ఉంది, మనలో చాలామందిమి చదివింది మరాఠీ బడిలోనే. పేచీ అంతా పట్టికతోనే. మోతాదు హెక్టారుకు ఇచ్చారు. మన దగ్గర హెక్టార్లలో లెక్క చెప్పేదెవరు? పైగా పక్కపక్కనే రెండు అంకెలు: ఒకటి అసలు విష పదార్థం గ్రాముల్లో, రెండోది సీసాలోంచి పోయాల్సిన మందు మిల్లీలీటర్లలో. మధ్యలో గీత కూడా సరిగా పడలేదు.

బావ హెక్టారుకని రాసిన 500 మిల్లీలీటర్లూ ఒక్క ఎకరానికే కొట్టేశాడు. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు, పడాల్సింది 200. ఆకుల అంచులు మాడాయి, పూత రాలింది. షాపాయన్ని నిలదీస్తే "అన్నీ కాగితంలో ఉన్నాయి కదా భావూ" అన్నాడు. ఉన్నాయి, నిజమే! కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో చెప్పే గడి మీద మాత్రం ఆయన షాపు స్టిక్కరే ఉంది.

ఇంకో సంగతి. సీసా మీద వాలుగా ఉండే చతురస్రంలో కింది సగం రంగు చూడండి. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. బిస్కెట్ ప్యాకెట్ మీది పచ్చచుక్క అలవాటు కొద్దీ ఆకుపచ్చ అంటే ఏం కాదనుకుంటున్నారు కొందరు. విషం తక్కువని అర్థం, లేదని కాదు. 2017లో యవత్మాల్‌లో మందు కొడుతూ రైతులు చనిపోయారని గుర్తుంచుకోండి.

డబ్బులిచ్చే ముందే "ఎకరానికెంత, పంపుకెంత" అని అడిగి బిల్లు వెనక రాయించుకోండి. ఎకరానికి 200 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీళ్లు అయితే 16 లీటర్ల పంపుకి 16 మిల్లీలీటర్లు. ఈ ఒక్క ముక్క పెద్దక్షరాల్లో వేయడానికి కంపెనీకేం బరువో!

బిల్లు మీద బ్యాచ్ నంబరు ఉండేలా చూసుకోండి, ఖాళీ సీసా అప్పుడే పారేయకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తాలూకా కృషి కార్యాలయంలో లేబుల్ ఫోటోతో ఫిర్యాదు ఇచ్చాం, జవాబొస్తే ఇక్కడే పెడతాను.