సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్: వాగు పక్కన పొలం ఉన్నవాళ్లు తప్పక తీసుకోవాల్సిన మ్యాప్

మాది నాగర్‌కర్నూల్ వైపు. దుందుభి నదిలో కలిసే ఒక చిన్న వాగు పక్కనే పొలం. వానాకాలం బాగానే పారుతుంది, సంక్రాంతి దాటితే ఇసుక తప్ప ఏమీ ఉండదు. ఫోన్ మ్యాపులో చూస్తే ఆ వాగుకు పేరు లేదు, ఊరు దాటాక గీత కూడా లేదు. అందుకే టోపోషీట్, అంటే నేల ఎత్తుపల్లాలు, వాగులు, ఊళ్లు చూపించే మ్యాపు తీసుకున్నా. దేశానికి మ్యాపులు గీసే ప్రభుత్వ సంస్థ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు 2017లో ఇవి ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు, సైట్‌లో రిజిస్టర్ చేసుకుంటే పీడీఎఫ్ వస్తుంది.

ఒక్కో షీట్‌లో అటూ ఇటూ సుమారు 27 కిలోమీటర్ల నేల ఉంటుంది. రెండు సెంటీమీటర్లంటే ఒక కిలోమీటరు. ఊళ్లు, బండ్ల బాటలు, గుడులు, బావులు అన్నీ ఉంటాయి కానీ నాకు కావాల్సింది వాగు, అది మాత్రం గుట్ట మీద ఒర్రెగా మొదలైన దగ్గర్నుంచి దుందుభిలో కలిసేదాకా ఎక్కడా తెగకుండా కనబడింది. మా వాగు గీత నీలంగా కాకుండా నల్లగా ఉంది, మీదీ అలాగే ఉంటే కంగారు పడకండి, ఏడాది పొడుగునా నీళ్లుండని వాగుల్ని అలాగే గీస్తారు.

అసలు విషయం గోధుమరంగు గీతల్లో ఉంది. ఒకే ఎత్తున్న చోట్లన్నీ కలుపుతూ పోయే గీతలు అవి, ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య సాధారణంగా 20 మీటర్ల ఎత్తు తేడా. వాగును దాటే చోట ఆ గీత వంగుతుంది, వంగిన మొన ఎప్పుడూ ఎగువ వైపే చూస్తుంది. ఇది ఒక్కటి పట్టుకుంటే చాలు, మ్యాపులో ఒర్రె గీయని చోట కూడా వాన పడితే నీళ్లు ఎటు దిగుతాయో చెప్పేయొచ్చు. మా గుట్టకు ఉత్తరం వైపు గీతలు దగ్గరదగ్గరగా వంగి ఉన్నాయి, అక్కడ పడ్డ నీళ్లన్నీ మొదట పై కుంటలోకి పోతాయి, అది నిండి అలుగు దుంకితే కింది కుంటకు, అదీ నిండితే పెద్ద చెరువుకు, ఆ చెరువు అలుగు దాటాకే మా వాగుకు. గొలుసుకట్టు చెరువులని చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాం గానీ మన గొలుసు ఏదో కాగితం మీద వేలు పెట్టి చూస్తే వేరే సంగతి. పక్క ఊళ్లో వాగు పారుతున్నా మా దగ్గరికి ఎందుకు ఆలస్యంగా వస్తుందో అప్పుడు అర్థమైంది.

ఇంకో పని కూడా చేయండి. ట్రేసింగ్ పేపర్ పెట్టి, మీ పొలం దగ్గర వాగు మీద మొదలుపెట్టి, రెండు వైపులా మిట్టల మీదుగా పెన్సిల్‌తో గీసుకుంటూ పైన కలిపేయండి. లోపల ఉన్నదంతా మీ వాగుకు నీళ్లిచ్చే నేల. మ్యాపు మీద ఒక చదరపు సెంటీమీటరు అంటే 25 హెక్టార్లు, దాదాపు 62 ఎకరాలు. దాని మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే 62.5 లక్షల లీటర్లు. అంతా వాగులోకి రాదు, మనవన్నీ గ్రానైట్ నేలలు కాబట్టి పైనున్న మొరంలో కొంత ఇంకుతుంది, కొంత కుంటల్లో ఆగుతుంది. అయినా ఆ లెక్క చూస్తే పైన ఒక కుంట తెగినా, పూడినా కింద ఎంత తేడా పడుతుందో తెలుస్తుంది.

దీంతో కాని పనులూ ఉన్నాయి. 20 మీటర్ల తేడాతో గీసిన మ్యాపు కాబట్టి చదునైన పొలాల్లో వాలు తెలియదు, మడికి నీళ్లు ఎటు పెట్టాలో దీన్ని చూసి తేల్చలేరు. సర్వే నంబర్లు ఉండవు, వాటికి ఊరి నక్షా చూడాల్సిందే. సర్వే జరిగాక కట్టిన చెక్‌డ్యాములూ ఉండవు, వాటి కోసం ఇస్రో వాళ్ల మ్యాపుల సైట్ భువన్‌లో ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టుకుని చూడండి. మీ వాగు షీట్ అంచు మీద పోతుంటే పక్క షీట్ కూడా దింపుకోవాలి.

ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ప్రింట్ విషయంలో మాత్రం జాగ్రత్త. మా టౌన్‌లో ఒక షాపువాళ్లు కాగితానికి సరిపోయేలా కుదించి ఇచ్చారు, చూడ్డానికి బాగానే ఉంది కానీ కొలతలన్నీ పోయాయి, అడిగితే "బొమ్మ వచ్చింది కదా అన్నా" అన్నారు. ఏ1 సైజులో, కుదించకుండా నూటికి నూరు శాతం వేయమని ముందే చెప్పండి. చేతికి రాగానే కింద ఉన్న స్కేలు గీతను కొలిచి, కిలోమీటరుకు సరిగ్గా రెండు సెంటీమీటర్లు వస్తేనే డబ్బులివ్వండి.